కిష్నా జిల్లా, కొత్తపాలెం

గురువారం ఉదయం తొమ్మిది దాటాక మా సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా వీధి రికార్డు తాతగారు కాకినాడలో కూతురి ఇంట్లో ప్రభువునందు నిద్రించారని, భూస్థాపన మర్నాడు పదకొండింటికి రాజమండ్రిలోనేనని. అప్పుడు నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. మెసేజ్ చదివి, ఫోను పిట్టగోడ మీద పెట్టి, మిగిలిన దుప్పట్లు కూడా దులిపి ఆరేసి, అన్నిటికీ క్లిప్పులు పెట్టి, అప్పుడు కిందికి దిగాను. నాయనమ్మకు చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "కళ్ళు చూపించుకోడానికే కదా వెళ్ళారు" అంది. ఔనన్నాను.

శుక్రవారం పొద్దున్నే చర్చి ఆఫీసులో భూస్థాపన రిజిస్టరు నింపుతూ సంఘం సెక్రటరీగారు పుట్టిన ఊరూ జిల్లా అడిగారు. తాతగారి కూతురు కొవ్వూరు అవతల ఒక పల్లె పేరు చెప్పి, జిల్లా దగ్గర ఆగిపోయి నా వైపు చూశారు. "ముందు సంవత్సరం చెప్పండి" అన్నాను. అన్నాక గాని ఆ మాట ఎవరిదో నాకు గుర్తు రాలేదు. ఆవిడ పమిట మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన పుట్టినప్పుడు ఆ పల్లె పశ్చిమ గోదావరి, ఇప్పుడు తూర్పు గోదావరి అని చెప్పాను. సెక్రటరీగారు ఏది రాయాలో తేలక రెండూ రాశారు. ఆయన చేతిరాత బాగుంది. వంద ఏళ్ళ తర్వాత ఎవరైనా చదవగలరు అనుకున్నాను. ఆ సమయంలో నాకొచ్చిన ఆలోచన అదొక్కటే.

ఆయన ఉద్యోగమంతా జిల్లా ఆఫీసు రికార్డు రూములో గడిచింది. ఎర్రగుడ్డలో కట్టిన దస్తరాల మధ్య అన్నేళ్ళు గడిపి రిటైరైతే ఎవరైనా ఎండలోకి వెళ్ళి కూర్చుంటారు. ఈయన ఇంటి ముందుగదిలో ఒక టేబులు వేసుకుని మళ్ళీ పాత కాగితాల మధ్యే కూర్చున్నారు. తాతల ముత్తాతల ఊరు వెతుక్కునేవాళ్ళు, పేర్లు తెలిసి ఆఫీసు తెలియనివాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఊరి పేరుతో మొదలుపెట్టేవారు. ఆయన చెయ్యెత్తి ఆపేవారు. "ఊరి పేరు తర్వాత చెబుదురుగాని, ముందు సంవత్సరం చెప్పండి."

పెనుగొండ నుంచి వచ్చిన భార్యాభర్తలు నాకు బాగా గుర్తు. ముత్తాత పేరు కోసం ఏలూరులో వారం రోజులు తిరిగి విసిగిపోయి వచ్చారు. సంవత్సరం పంతొమ్మిది వందల పది అని చెప్పగానే తాతగారు, "అయితే ఏలూరులో ఎందుకుంటుందండీ, బందరులో ఉంటుంది గాని" అన్నారు. తమను ఆట పట్టిస్తున్నారనుకుని ఆ భర్త లేచి నిలబడ్డాడు. తాతగారు ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, టేబులు సొరుగులోంచి తన బటర్ పేపర్లు తీశారు.

ఆ బటర్ పేపర్లు ఆయన స్వయంగా గీసుకున్న పటాలు. గోదావరి జిల్లా అంతా ఒకటిగా ఉన్నప్పటిది ఒకటి. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వగైరా తాలూకాలు తీసి కృష్ణా జిల్లాలో కలిపినప్పటిది ఒకటి. 1925లో వాటిని మళ్ళీ విడదీసి పశ్చిమ గోదావరి అని పేరు పెట్టినప్పటిది ఇంకొకటి. తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఒకటి, మొన్న 2022లో జిల్లాలు పెరిగాక ఒకటి. ఒక్కో పటానికి ఒక్కో రంగు సిరా. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కిటికీ అద్దానికి ఆనిస్తే గీతలు చిక్కుపడిన దారపుండలా కనిపించేవి. "ఊరు ఉన్నచోటే ఉందండి. పొలం అక్కడే, ఇల్లూ అక్కడే. ఇరవయ్యొక్క ఏళ్ళు దాని కాగితం మాత్రం బందరు వెళ్ళొచ్చింది" అని ఆ దంపతులకు చెప్పారు. 2022లో కొవ్వూరు వాళ్ళని రాజమండ్రి జిల్లాలో కలిపినప్పుడైతే, పడమటి గట్టున కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే తూర్పు గోదావరి అయిపోయారని వీధిలో అందరికీ చెప్పుకుని నవ్వారు. ఆ వారమే ఆరో రంగు సిరా కొనుక్కున్నారు, ముందు జాగ్రత్తకి.

నేను ఆయన దగ్గర చేరడం వెనక గొప్ప కారణమేమీ లేదు. డిగ్రీ అయింది, హైదరాబాదులో చేరిన ఉద్యోగం ఏడాదిలో మానేశాను, గ్రూప్స్ పుస్తకాలు కొని సగంలో మూసేశాను. కాళ్ళకు చక్రాలు కట్టుకుందని అమ్మ నన్ను ఆయన ఎదురుగానే తిట్టింది. అయితే నా దగ్గరకు పంపించండమ్మా, నాకు తిరిగే మనిషే కావాలి అన్నారాయన. ఆయన కళ్ళు అప్పటికే మసకబారాయి. నేను పాత రిజిస్టర్లు ఫోనులో ఫోటో తీసి, వెలుగు పెంచి, పెద్దది చేసి చదివి వినిపించేదాన్ని. మొదటిరోజు నాలుక మీద వేలు తడుపుకుని పేజీ తిప్పబోతే నా మణికట్టు పట్టుకుని ఆపారు. కోపంగా కాదు. పేజీ పైమూల కింద గాలి వెళ్ళేట్టు మునివేలితో లేపి ఎలా తిప్పాలో చూపించారు. ఇప్పటికీ నేను న్యూస్‌పేపరు కూడా అలాగే తిప్పుతాను.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. ఆయన మాకు చేసిన మేలు, మాకు మిగిల్చిన కష్టం, రెండూ అందులోనే ఉన్నాయి.

మా నాయనమ్మ తల్లిని మేము తాతమ్మ అంటాం. ఆవిడ పసిపిల్లగా రాజమండ్రి మిషను బోర్డింగులో పెరిగింది. ఎవరు తెచ్చి అప్పగించారో తెలియదు. పెళ్ళై వచ్చేటప్పుడు బోర్డింగువాళ్ళు ఇచ్చిన ఒక కాగితం ఉంది. అందులో ఆవిడ పేరు, చేర్చుకున్న సంవత్సరం, దాని కింద 'కొత్తపాలెం, కిష్నా జిల్లా' అని ఉంటుంది. కృష్ణాను అప్పట్లో అలాగే రాసేవారు. తండ్రి పేరు లేదు. నాయనమ్మ ఒక్కతే కూతురు, తండ్రి వైపూ ఎవరూ మిగల్లేదు. కాబట్టి ఆవిడకు పుట్టింటి వైపు పేరు పెట్టి పిలవడానికి ఒక్క మనిషీ లేడు. నేను మూడో తరగతిలో ఉండగా మా నాన్న ఆ కాగితం పట్టుకుని బందరు వెళ్ళాడు. కృష్ణా జిల్లా అంటే బందరే కదా. ఆ చుట్టుపక్కల ఉన్న ఒక కొత్తపాలెంలో ఒక కుటుంబం దొరికింది. కలరా వచ్చిన ఏడు తమ ఇంటి ఆడపిల్లను దొరసానులు తీసుకెళ్ళారని, మళ్ళీ కనబడలేదని వాళ్ళు చెప్పుకునేవారు. పిల్ల పేరు కలవలేదు. మిషనువాళ్ళు పేరు మార్చి ఉంటారని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల చెల్లెలి కొడుకు నాయనమ్మకు తమ్ముడి వరస అయ్యాడు. ఆయన్ని నేను బందరు తాతయ్య అంటాను.

అప్పటినుంచి క్రిస్మస్‌కు ఆయన వచ్చేవాడు. ఎండుచేపలు, బందరు హల్వా తెచ్చేవాడు. నాయనమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపి, చిక్కిపోయావని తిట్టి, అప్పుడు లోపలికి రానిచ్చేది. మా తాతయ్య పోయినప్పుడు పుట్టింటి చీర తేవాల్సి వస్తే ఆయనే తెచ్చాడు. మాలో కొందరు ఆ పద్ధతి అక్కర్లేదన్నారు. నాయనమ్మ వినలేదు. ఆ తెల్లచీర మోకాళ్ళ మీద పెట్టుకుని, "నాకూ తెచ్చేవాడున్నాడు" అని ఏడ్చింది. తాతయ్యను తీసుకెళ్ళేటప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

రెండేళ్ళ కిందట, నాయనమ్మ పుట్టినరోజుకు వంశవృక్షం గీసి ఫ్రేము కట్టించి ఇద్దామని నాకు బుద్ధి పుట్టింది. ఆ బోర్డింగు కాగితం తీసుకెళ్ళి తాతగారి టేబులు మీద పెట్టాను. ఆయన అలవాటుగా ముందు సంవత్సరం చదవమన్నారు. చదివాను. 1925కి ముందుది. ఇంకోసారి చదవమన్నారు. తర్వాత బటర్ పేపర్లు తీయలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అమ్మాయ్, అప్పటికి భీమవరం కూడా కృష్ణా జిల్లాయే. బందరు వైపు పనిచేసిన మిషను వేరు. వాళ్ళకి వాళ్ళ బోర్డింగులే ఉన్నాయి. అక్కడి పిల్ల మన బోర్డింగుకెందుకొస్తుంది?"

కలరా కథ కలిసింది కదా అన్నాను. ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఆ కథ ఉంటుందమ్మా అన్నారు. కొత్తపాలెం అని పేరున్న ఊళ్ళు తనకు తెలిసి ఈ రెండు నదుల మధ్య ఎన్నున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశారు.

వాటిలో మన మిషను పనిచేసిన ఊరు భీమవరం అవతలిదొక్కటేనని తేలాక మేమిద్దరం బస్సులో భీమవరం బయల్దేరాం. కొవ్వూరు వంతెన దాటగానే ఆయన, 1920 అయితే ఇప్పుడు మనం కృష్ణా జిల్లాలోకి వచ్చినట్టు అని గట్టిగానే అన్నారు. కండక్టరు విని, అయితే బందరు టికెట్టు కొట్టమంటారా తాతగారూ అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వారు. భీమవరం అవతల ఒక చిన్న పాత చర్చిలో పాస్టరుగారు బీరువా తెరిచి బాప్తిస్మాల రిజిస్టరు ఇచ్చారు. తాతగారు పంపు దగ్గర చేతులు కడుక్కుని, లాల్చీకి కాకుండా శుభ్రమైన రుమాలుకు తుడుచుకుని కూర్చున్నారు. నేను చదువుతూ వెళ్ళాను. పదకొండో పేజీలో తాతమ్మ పేరు ఉంది. తండ్రి పేరు ఉంది, తల్లి పేరు ఉంది. 'రాజమండ్రి బోర్డింగుకు పంపబడినది' అని కూడా ఉంది. కొత్తపాలెం, కిష్నా జిల్లా.

ఆ కొత్తపాలెం అక్కడికి మూడు కిలోమీటర్లు. ఆటోలో వెళ్ళాం. పాస్టరుగారు చెప్పిన చోట పల్లె లేదు. రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. కాపలా ఉన్న మనిషిని అడిగితే, తన తాతల నాటికే అక్కడివాళ్ళు ఇళ్ళొదిలేసి ఎటెటో పోయారని చెప్పాడు. మా తాతమ్మ అసలు పుట్టిల్లు అదన్నమాట. గట్టు మీద ఫోటో తీశాను. నీళ్ళు తప్ప ఏమీ పడలేదు.

తిరిగొచ్చేటప్పుడు నేను తాతగారిని బతిమాలాను. చెప్పొద్దన్నాను. అక్కడ ఎవరూ మిగల్లేదు, బందరులో ఒక తమ్ముడున్నాడు, ఎనభై రెండేళ్ళ మనిషికి ఉన్నవాణ్ణి తీసేసి రొయ్యల చెరువు ఇస్తారా అన్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"నాకూ అదే అనిపిస్తోందమ్మా. కానీ వాళ్ళింటి పిల్ల ఒకతి ఉంది చూడు. మీ నాయనమ్మ దొరికిందని వాళ్ళు వెతకడం మానేశారు. ఆ పిల్ల ఇంకా ఎక్కడో ఏదో రిజిస్టరులో కూర్చునే ఉంది."

నేను ఫోనులో ఆ నీళ్ళ ఫోటో మళ్ళీ తెరిచి చూశాను.

రెండు వారాలు ఆయన మా గుమ్మం తొక్కలేదు. ఆదివారం చర్చిలో నాయనమ్మ పలకరిస్తే తడబడ్డారు. తర్వాత ఒక మధ్యాహ్నం ఉతికిన లాల్చీ వేసుకుని వచ్చి, వదినగారూ, ఒక పొరపాటు జరిగిందండి అని మొదలుపెట్టి, కాగితం ముందు పెట్టి మొత్తం చెప్పారు. ఎక్కడా తగ్గించలేదు, పెంచలేదు. అంతా అయ్యాక నాయనమ్మ, తమ్ముడికి మీరే చెప్పండి, నా నోటితో నేను చెప్పలేను అంది. ఆయన అక్కడే కూర్చుని ఫోను చేశారు. అవతల బందరు తాతయ్య ఏమన్నాడో మాకు వినబడలేదు. తాతగారు మాత్రం, ఔనండి, ఔనండి, తప్పు మీది కాదండి అంటూ ఉన్నారు.

ఆ క్రిస్మస్‌కు బందరు తాతయ్య రాలేదు. ఫోను కూడా చెయ్యలేదు. నాయనమ్మ రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఆవిడ చెయ్యలేదు. తర్వాతి క్రిస్మస్‌కు ఆవిడ గుమ్మం వైపు కుర్చీ వేసుకోకుండా లోపలి గదిలో కూర్చుంది. ఇంట్లో ఎవరమూ ఆ విషయం ఎత్తలేదు. అమ్మ ఒక్కసారి మాత్రం, ఆ పెద్దాయన తెలుసుకుని ఏం బావుకున్నారు అంది. నేనూ ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. కుదరలేదు. ఎందుకంటే ఆయన ఆ రోజునుంచీ ఇంకే పనీ పెట్టుకోలేదు. వచ్చినవాళ్ళని తర్వాత రమ్మనేవారు. బందరు వైపు పాత బోర్డింగుల ఉత్తరాలు, చర్చిల రిజిస్టర్లు, పాస్టర్లకు రాసిన కార్డులు, ఇవే. కలరా ఏడు దొరసానులు తీసుకెళ్ళిన ఆ రెండో పిల్ల కోసం. దొరికితే మొదట వెళ్ళి బందరు తాతయ్య కాళ్ళ దగ్గర పెడతానన్నారు, ఆ మాటే ఆయనకు కార్డు కూడా రాశారు. కాకినాడ వెళ్ళే ముందురోజు సంచీ సర్దుకుంటూ, "మూడు రిజిస్టర్లు మిగిలాయి. కళ్ళు బాగుచేయించుకొస్తే నీకు చదివే బాధ తప్పుతుంది" అన్నారు. నాకది బాధని నేనెప్పుడు అన్నానో తెలియదు. అనే ఉంటాను.

ఇది చదివేవాళ్ళలో ఆయన టేబులు ముందు కూర్చున్నవాళ్ళు కొందరైనా ఉంటారు. మీకు ఆయన చూపించింది మీ తాతగారి పేరే కావచ్చు. నాకు చూపించింది వేరు. ఒక మనిషి తనకు ఏమీ కాని ఒక పాపను, నూరేళ్ళ కిందట తప్పిపోయినదాన్ని, తన చేతిలోంచే జారిపోయినట్టు వెతకడం చూశాను.

శుక్రవారం భూస్థాపనకు నాయనమ్మ వస్తానంది. సమాధుల తోటలో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఎండ బాగా ఉంది. పాట అయింది, వాక్యం అయింది. పెట్టె దించారు. అందరూ వరసగా వెళ్ళి గుప్పెడు మట్టి వేస్తున్నారు. వరస చివర ఒక పొడుగాటి మనిషి, భుజాన సంచీతో. తాతగారి కూతురు కబురు పెడితే, తెల్లవారకముందే బందరులో బస్సెక్కి, ఏలూరులో మారి వచ్చాడట. ఆయన గుప్పెడు మట్టి వేసి ఊరుకోలేదు. వంగి రెండు చేతులా తీసి వేశాడు. తర్వాత కదలకుండా అక్కడే నిలబడ్డాడు. వెనకవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఎవరూ తొందరపెట్టలేదు.

నాయనమ్మ చూసింది. చూడనట్టు మోకాళ్ళ మీద పాటల పుస్తకం సరిచేసుకుంది.

ఆయన షామియానా దాకా వచ్చి, కుర్చీలకు అవతలే ఆగాడు.

"బాగున్నారాండీ?"

"అండీ ఏంట్రా" అంది నాయనమ్మ.

బందరు తాతయ్య భుజం మీది సంచీ దించాడు. "ఏమని పిలవాలో తెలీక ఫోను చెయ్యలేదు అక్కయ్యా. ఎత్తలేకపోయాను కూడా."

నాయనమ్మ పక్క కుర్చీ మీదున్న తన సంచీ తీసి కింద పెట్టింది. ఆయన కూర్చున్నాడు. నన్ను చూసి, మా పెద్దమ్మ ఆచూకీ ఏమైనా తెలిసిందా అని అడిగాడు. లేదన్నాను. ఇంకా మూడు రిజిస్టర్లున్నాయి, సోమవారం వెళ్తున్నానన్నాను. ఆ మాట అనేదాకా నేను వెళ్తానని నాకే తెలియదు. నేనూ వస్తానన్నాడు.

అవతల పారలతో మట్టి కప్పుతున్నారు. పారలు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి, నేను వింటున్నాను, అంతే. బందరు తాతయ్య చేతులు మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకున్నాడు. నాయనమ్మ ఆయన కుడిచెయ్యి తీసుకుని తిరగేసింది. అరచేతి గీతల్లో, గోళ్ళ కింద తడిమట్టి పట్టేసి ఉంది. ఆవిడ పమిట కొంగు చివర తన వాటర్ బాటిల్లో నీళ్ళతో తడిపి, బొటనవేలితో మొదలుపెట్టి, ఒక్కొక్క వేలూ తుడవసాగింది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. చెయ్యి అలాగే చాపి, మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు. ఒక చెయ్యి అయ్యాక, అడగకుండానే రెండోది ఇచ్చాడు.